విశాఖపట్టణ వీథీవిహారమును ఛాయాచిత్రములును

ఆంధ్రవాఙ్మయమున నొక నగరమును కాలినడకను చూచి వర్ణించిన కృతులలో క్రీడాభిరామమునకు సాటియైనది వేఱొకటి లేదు. గోవింద మంచనశర్మయు టిట్టిభసెట్టియు నోరుగంటి వీథులలో తిరుగుచు, కంటబడినదానిని కంటబడిన క్రమముననే చెప్పుకొనుచు పోవుదురు. దాని కర్త వినుకొండ వల్లభరాయడా, శ్రీనాథుడా యను వివాద మిచట నప్రస్తుతము. వీథి యను రూపకభేదమునకు వీథియే వస్తువగుట మాత్రము చక్కని పొందిక. అందు దేవతలతోపాటు పూటకూటియిల్లును గలదు, కోడిపందెమును గలదు, మాచల్దేవి చిత్రశాలయు గలదు. కవి సుందరమైనవానినే యేఱి చూపియుండినచో నా కృతి చరిత్రకారునకు నే డింతగా నక్కఱకు వచ్చెడిది కాదు.

నాడు కవిగంటము చేసిన పనిని నేడు కెమెరా చేయుచున్నది. విశాఖపట్టణపు పాతనగరమున తెల్లవాఱుజామున నడచుచు ఛాయాచిత్రములు తీయువారు పెక్కండ్రు కలరు. కురుపాము మార్కెట్టు ద్వారము, టౌన్‌హాలు, జయపురరాజుల హవామహలు, క్వీన్ మేరీ పాఠశాల, రాస్‌కొండమీది క్రైస్తవాలయము, దాని ప్రక్కకొండలమీది దర్గాయు వేంకటేశ్వరాలయమును, వీని చిత్రములకు లెక్క లేదు. వానిలో మంచివియు నున్నవి. వెలుగునీడల కూర్పు తెలిసినవారే వానిని తీసిరి. కాని యా చిత్రముల నన్నిటిని గుదిగ్రుచ్చి చూచినను పట్టణము పాతబడినదని తెలియునే గాని మాఱినదని తెలియదు. పాతబడుట వేఱు, మాఱుట వేఱు. మొదటిది గోడమీది నాచు చూపిన చాలును. రెండవదానికి కాలమును, స్థలమును, పోల్చిచూచుటకు మఱియొక చిత్రమును కావలయును.

ఈ పట్టణము మాఱిన తీరు సామాన్యమైనది కాదు. 1933వ సంవత్సరమునకు పూర్వ మిచ్చట నోడలు కడలిలోనే లంగరు దించి నిలిచెడివి. సరకు పడవలమీద నలలు దాటి యొడ్డు చేరెడిది. యారాడకొండ ప్రక్కనున్న యుప్పుటేటిని, చిత్తడినేలను త్రవ్వి రేవు నిర్మించిరి. జానస్, వెల్లెడ్సన్ అను రెండు పాతయోడలను ముంచి, యలల నాపు కట్టను వానిమీద నిలిపిరి. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను నోడ లోనికి వచ్చెను. డిసెంబరు 19వ తేదీన రాజప్రతినిధి విల్లింగ్డను ప్రభువు రేవునకు ప్రారంభోత్సవము గావించెను. ఆ కట్ట కట్టినది మొద లీ తీరపు నడవడియే మాఱినది. దక్షిణమునుండి యుత్తరమునకు తీరము వెంబడి సాగు నిసుక రేవుముఖముకడ నాగిపోవును. ఉత్తరమునందలి రామకృష్ణ సముద్రతీరము కోసికొనిపోవును. అందుచేత రేవుకడ పోగైన యిసుకను తోడి యేటేట నాతీరమునకు చేర్చుచుందురు. కాబట్టి యచ్చటి యిసుక కేవలము ప్రకృతిసిద్ధము కాదు, సగము యంత్రనిర్మితము. సూర్యోదయవేళ నాతీరమున తీసిన చిత్రములు వేలకొలది కలవు. నెల, సంవత్సరము, నిలుచున్న చోటు చెప్పని చిత్రము వలన నచ్చట నెంత యిసుక పోయినదో, యెంత వచ్చినదో యెట్లు తెలియును? ఉదయకాంతి నేడును నట్లే యున్నది. దానికి సాక్ష్య మక్కఱలేదు.

ఇతరదేశముల వారి కృషిని చూచినచో నీ లోపము స్పష్టమగును. గ్లాస్గో నగరమున థామస్ ఆనన్ 1868 మొదలు 1871 వఱకు నిరుకు సందులను చిత్రించెను. నగరసంస్కరణమునకై వానిని కూలద్రోయ నిశ్చయించినవారే యతని నందులకు నియోగించిరి. ప్యారిసున అట్జే 1927లో మృతినొందువఱకు బరువైన కెమెరాను మోసికొని తిరిగి, యంగళ్ల కిటికీలను, మెట్లను, తలుపుబొమ్మలను సైతము విడువక చిత్రించెను. వాని చిత్రములు చిత్రకారులకు పనికివచ్చు పత్రములని యమ్ముకొన్నాడే గాని కళాఖండములని చెప్పుకొనలేదు. కళ యని పేరు పెట్టినవారు తరువాతివారు. విశాఖలో క్రమము తలక్రిందైనది: కళ ముందు, పత్రము తరువాత, పత్ర మొక్కొకప్పుడు లేనేలేదు.

మఱియొక దోషము రంగును గూర్చినది. పాతనగర చిత్రములను నలుపుతెలుపులలోనికి మార్చుట యొక యలవాటైనది. పురాతనత్వము తోచుటకు గాబోలు. రేవులో బొగ్గును ఇనుపఖనిజమును దించుటయు నెక్కించుటయు జరుగుచుండగా లేచిన ధూళి యిండ్లమీద పడుచున్నదని పాతనగరవాసులు చిరకాలముగా మొఱపెట్టుకొనుచున్నారు. బొగ్గుధూళి నల్లన, ఖనిజధూళి యెఱ్ఱన. నలుపుతెలుపుల చిత్రమున రెండును నొక్కటే బూడిదవన్నె. సొగసుకొఱకు రంగును తీసివైచినవాడు తెలియకయే యొక వ్యాజ్యమున సాక్షిని దాచినవాడగుచున్నాడు.

తేదీ వ్రాయని చిత్రములకు కాలనిర్ణయము చేయుట కీనగరమున నొక యాధారము మాత్రము కలదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను తీరము దాటినపుడు విశ్వవిద్యాలయ ప్రాంగణమునను కైలాసగిరిమీదను చెట్లు కూలినవి, కూలనివి మోడులైనవి. గుబురుగా పెద్దచెట్లున్నచో చిత్ర మా దినమునకు ముందటిదని తఱచుగా నూహింపవచ్చును. వ్రాతప్రతుల కాలమును లిపినిబట్టి నిర్ణయించు పండితుల కీ పద్ధతి క్రొత్త కాదు.

ఇక నడవని దారుల మాట. విశాఖ రేవుపట్టణమే గాక యుక్కుపట్టణము. 1966లో నాంధ్రదేశమంతయు నుద్యమించి కోరిన కర్మాగారము 1970 ఏప్రిల్ 17వ తేదీన ప్రకటింపబడెను, 1971లో శంకుస్థాపన జరిగెను, 1992లో జాతికంకితమయ్యెను. దానికొఱ కనేక గ్రామములు లేచిపోయినవి. ఆ గ్రామముల చెఱువుగట్లు, రచ్చబండలు, గుడిముంగిళ్లు ఛాయాచిత్రములలో నెన్ని మిగిలినవో వెదకవలసిన పని పరిశోధకులది. నేటి విహారకులును గాజువాక వైపునకు పోవుట యరుదు. అచ్చట తోరణద్వారములు లేవు; వలసవచ్చిన కుటుంబములు కట్టుకొన్న యిండ్లున్నవి, వానిమీద లేచిన యంతస్తులున్నవి. నౌకాదళమువారి స్థలములలో కెమెరాకు నిషేధమున్నమాట నిజమే. గాజువాక సందులలో నట్టి నిషేధ మేమియు లేదు.

చేపలరేవు మాత్రము వీరికి ప్రియమైనది; పడవల రంగు లందుకు కారణము. 2023 నవంబరు 19వ తేదీ రాత్రి యచ్చట నగ్నిప్రమాదము సంభవించి సుమారు నలువది పడవలు దగ్ధమైనవి. అంతకు పూర్వము తీసిన చిత్రములలో పడవ ప్రక్కన వ్రాసిన సంఖ్య చదువవచ్చునట్లున్న దొకటి దొరకినచో, దాని వెలుగునీడ లెట్లున్నను, తేదీతోగూడ పదిలపఱుపదగినది.