సాక్ష్యం చాలు, వాక్యం వద్దు

"అమ్మా, మీరు సాక్ష్యం చెప్పండి చాలు. వాక్యం నేను చూసుకుంటాను" అన్నారు అయ్యగారు.

స్త్రీల ఆదివారం కోసం అమ్మ నెల రోజులుగా సిద్ధపడుతూ ఉండింది. యోహాను సువార్త నాలుగో అధ్యాయం, సమరయ స్త్రీ కథ. జ్యోతినగర్‌లో మా క్వార్టరు వంటింట్లో, నాన్న డ్యూటీకి వెళ్లాక, పాత లెక్కల నోటుపుస్తకంలో వచనాల అంకెలు వేసుకుంటూ, పదసూచికలో ఒక్కో మాట వెతుక్కుంటూ రాసుకుంది. ఇరవై ఏళ్లు సండే స్కూలు పిల్లలకు బైబిలు నేర్పిన మనిషి. అయ్యగారి మాట విన్నాక నోటుపుస్తకం సంచిలో పెట్టేసింది. ఆదివారం లేచి, తన మోకాళ్ల నొప్పి ఎలా తగ్గిందో రెండు నిమిషాలు చెప్పి కూర్చుంది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా సంఘం పేరు ఇక్కడ అవసరం లేదు. ఇలాంటి మాట ఆ ఒక్క చోటే వినపడుతుందని ఎవరూ అనుకోరు కదా.

చర్చి వాతావరణం తెలియని వాళ్లకోసం ఒక చిన్న వివరణ. 'సాక్ష్యం చెప్పడం' అంటే నా బతుకులో దేవుడు ఏం చేశాడో చెప్పుకోవడం. 'వాక్యం చెప్పడం' అంటే గ్రంథాన్ని తెరిచి, అర్థం విప్పి, అందరికీ బోధించడం. మొదటిదానికి అనుభవం ఉంటే చాలు, రెండోదానికి అధికారం కావాలి. స్త్రీలకు మొదటిది ఎప్పుడూ దొరుకుతుంది. ఏడుస్తూ చెబితే ఇంకా మంచిది. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి గొంతులు మారిపోతాయి.

ఆ ఆదివారం అయ్యగారు చెప్పిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత నేను విన్న అనేక ప్రసంగాల్లో అదే వరస. ఆమె వ్యభిచారిణి, ఐదుగురు మొగుళ్లు. సిగ్గుతో మొహం దాచుకోవడానికే మిట్టమధ్యాహ్నం నీళ్లకు వచ్చింది. తన పాపం బయటపడగానే మాట మార్చి, ఆరాధన ఏ కొండ మీద చేయాలని అడిగింది. ప్రభువు క్షమించాడు, ఆమె మారిపోయింది.

ఈ నాలుగు వాక్యాల్లో మూలంలో ఉన్నదెంత? ఐదుగురు భర్తలు ఉండేవారని, ఇప్పుడున్నవాడు భర్త కాడని ఉంది. అంతే. ఆమె పాపి అని యేసు అనలేదు, క్షమించానని కూడా అనలేదు. మధ్యాహ్నం అని ఉంది, సిగ్గు అని లేదు. ముందు అధ్యాయంలో నికోదేము అనే పెద్దమనిషి రాత్రి చీకట్లో వస్తాడు. అతన్ని మన బోధకులు 'జిజ్ఞాసువు' అంటారు. పట్టపగలు వచ్చిన ఆడదానికి మాత్రం సిగ్గు అంటగడతారు. ఇక కొండ సంగతి. గెరిజీము కొండా, యెరూషలేమా అన్నది యూదులకూ సమరయులకూ మధ్య శతాబ్దాలుగా నలుగుతున్న అసలు వివాదం. నికోదేము అడిగితే అది వేదాంత చర్చ. ఆమె అడిగితే మాట మార్చడం!

ఈ కథలో కులాన్ని చదవడం మన సంఘాలకు బాగా తెలుసు. యూదుడు సమరయ స్త్రీ చేతి నీళ్లు అడగడం అంటే ఏమిటో, ఊరి బావి దగ్గర నిలబడనివ్వని మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన విశ్వాసులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 1980ల నుంచి దళిత క్రైస్తవ వేదాంతం ఈ చదువుకు శాస్త్రబలం కూడా ఇచ్చింది. కానీ బావి దగ్గర అంటరానితనాన్ని అంత సూటిగా పట్టుకున్న బోధకుడే, ఆ కడవ పట్టుకున్నది ఆడమనిషి అనేసరికి ఆమె నడవడి దగ్గరే ఆగిపోతున్నాడు. ఆమెను వెలివేసిన చూపుతోనే ఆమెను చూస్తున్నాడు.

వేరే చదువు లేదా? ఉంది. దాన్ని నేను మొదట విన్నది ఏ విశ్వవిద్యాలయంలోనూ కాదు, గోదావరిఖనిలో ఒక ఇంట్లో జరిగిన గురువారం స్త్రీల కూటంలో. మా బొగ్గు ప్రాంతంలో గనిని 'బాయి' అంటారు. నీళ్ల బావి కూడా బాయే. అందుకే 'యాకోబు బాయి' అని అమ్మ చదువుతుంటే అక్కడి ఆడవాళ్ల మొహాల్లోకి వచ్చే అర్థం వేరు. బాయి చాలా లోతైనదని ఆ స్త్రీ అనే చోట అందరూ నిట్టూర్చారు. వాళ్ల మగవాళ్లు షిఫ్టుకు దిగేదీ, కొందరు తిరిగి రానిదీ ఆ లోతులోకే. వాళ్లు మాత్రం అందులోకి దిగడానికి లేదు. 1952 నాటి గనుల చట్టం స్త్రీలను భూగర్భ పనికి నిషేధించింది. 2019లో గానీ కేంద్రం షరతులతో ఆ తలుపు తెరవలేదు.

ఆ కూటంలో ఒక పెద్దావిడ అన్న మాటలు ఇవి: "ఐదుగురు మొగలు అని నవ్వుతరు గని, ఆ ఐదుగురు ఎట్ల పోయిన్రో ఎవలన్న అడిగిన్రా? మా ఆయన బాయిల పోతే దినాలు కాకముందే కొలువు ఎవలకని పంచాయితీ పెట్టిన్రు. మరిదిని చేసుకోమన్నరు. నేను చేసుకోలే. చేసుకుంటే నాకు గూడ లెక్క పెడుదురు."

పెద్ద చదువు చదవని ఆ మనిషి చెప్పింది ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలోని మరిది ధర్మం. ఒక స్త్రీ ఏడుగురు అన్నదమ్ముల చేతులు మారిన కథను సద్దూకయ్యులు యేసు ముందు పొడుపుకథలా పెట్టారు కూడా. భర్తలు చనిపోయి ఉండవచ్చు, వదిలేసి ఉండవచ్చు. ఆ సమాజంలో విడాకుల హక్కు ప్రధానంగా మగవాడిదే. ఐదు అనే అంకె ఆమె పాపాల లెక్క కాకుండా ఆమె దుఃఖాల లెక్క అయ్యే అవకాశం ఉందని స్త్రీవాద బైబిలు పండితులు గ్రంథాలు రాశారు. ఆ పెద్దావిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ చెప్పింది.

ఇప్పుడు అమ్మ నోటుపుస్తకం దగ్గరికి వస్తాను. సమరయ స్త్రీ సాక్ష్యం విని ఊళ్లో అనేకులు నమ్మారని 39వ వచనం. దాని పక్కన అమ్మ '17:20' అని రాసి ప్రశ్నార్థకం పెట్టుకుంది. పదిహేడో అధ్యాయంలో యేసు తన శిష్యులకోసం, వాళ్ల బోధ వల్ల నమ్మబోయేవాళ్ల కోసం ప్రార్థిస్తాడు. "అక్కడా ఒకరు చెప్తే విని నమ్మిన్రు, ఇక్కడా ఒకరు చెప్తే విని నమ్మిన్రు. మరి శిష్యులది వాక్యమెట్లయింది, ఈమెది మాటెట్లయింది?" ఇది ఆమె ప్రశ్న.

ఏళ్ల తర్వాత, పరిశోధన రోజుల్లో, గ్రీకు మూలం ముందు పెట్టుకుని ఈ రెండు వచనాలూ చూశాను. రెండు చోట్లా ఉన్నది ఒకటే పదం, 'లోగోస్'. యోహాను సువార్త మొదటి వచనంలోనే వచ్చే పదం, తెలుగులో 'వాక్యము' అయిన పదం. మనం చర్చిల్లో చదివే పాత తెలుగు బైబిలులో అది శిష్యుల నోట 'వాక్యము'గానూ, ఆ స్త్రీ నోట 'మాట'గానూ ఉంది. అంతకన్నా ముఖ్యమైనది, మూలంలో ఆ స్త్రీ లోగోస్‌నూ ఆమె సాక్ష్యమివ్వడాన్నీ ఒకే పదబంధంలో కలిపి చెప్పారు. సాక్ష్యం ఇస్తున్న స్త్రీ వాక్యం అని. అయ్యగారు విడదీసినవి రెండూ సువార్తికుడు కలిపినవే.

అనువాదకులు కావాలని చేశారని నేను అనను. 41వ వచనంలో యేసు లోగోస్‌ను కూడా వాళ్లు మాట అనే అర్థంలోనే అనువదించారు. విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ చేసిన సువార్తల అనువాదం 1812లో అచ్చయిన నాటి నుంచి ఈ పనిలో ప్రధానంగా వినిపించేవి మగవాళ్ల పేర్లే. మరాఠీలో మాత్రం పండిత రమాబాయి హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, 1922లో చనిపోయే వరకూ, మామూలు ఆడవాళ్లకు అర్థమయ్యే భాషలో బైబిలును అనువదించడానికి శ్రమపడ్డారు. తెలుగులో ఒక రమాబాయి ఉండి ఉంటే 39వ వచనం ఎలా ఉండేదో!

సంఘాలు మారలేదని కాదు. దక్షిణ ఇండియా సంఘం 1976 నుంచి స్త్రీలకు గురుపట్టం ఇస్తోంది. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల డయోసిస్‌కు బిషప్ అయ్యారు, ఆ సంఘంలో తొలి మహిళా బిషప్. కానీ వేదిక ఎక్కనిచ్చినంత మాత్రాన చదివే చూపు మారదు. ప్రసంగం సిద్ధం చేసుకునేటప్పుడు మూలంలో లేని సిగ్గును ఎక్కడినుంచి తెచ్చి పెడుతున్నామో ఎవరికి వారు అడుగుకోవాలి, స్త్రీ బోధకులతో సహా.

ఇదంతా చర్చి గొడవ, మనకెందుకు అనుకునే సాహిత్యకారులకు ఒక మాట. మన విమర్శలోనూ ఇదే కదా జరిగింది? మగవాడు రాస్తే దృక్పథం, ఆడది రాస్తే అనుభవం. 'నీలిమేఘాలు' 1993లో వచ్చినప్పుడు స్త్రీల కవిత్వం చుట్టూ రేగిన దుమారంలో ఈ విభజన ఎంత పనిచేసిందో పాత పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల గొంతులతో 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనకు నేర్పింది, సాక్ష్యమే చరిత్ర అని.

అది నేర్చుకున్న నేనేం చేశాను? నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం సమరయ స్త్రీ మీద ఉంది. ఎలిజబెత్ షూస్లర్ ఫియొరెంజా 1983లో రాసిన పుస్తకం వాదనకు ఆధారంగా అధ్యాయం మధ్యలో నిలబడింది. గోదావరిఖని పెద్దావిడ మాటలు, అమ్మ ప్రశ్న చివర అనుబంధంలోకి వెళ్లాయి. ఆ అనుబంధానికి నేను పెట్టిన శీర్షిక 'మౌఖిక సాక్ష్యాలు'. రెండు వచనాల పోలిక నా పరిశీలనగా అచ్చయింది. గ్రీకు చూసింది నేనే, నిజమే. ఎక్కడ చూడాలో చెప్పింది ఆ ప్రశ్నార్థకం.

అయ్యగారి మీద కోపం నాకు చాలాకాలం ఉండేది. ఆ అనుబంధం మళ్లీ తెరిచి చూసిన రోజు ఆ కోపం నా మీదికి కూడా తిరిగింది. అందుకే ఈ వ్యాసం రాశాను. ఇందులో నాలుగో అధ్యాయాన్నీ పదిహేడో అధ్యాయాన్నీ పక్కపక్కన పెట్టి చదివిన వ్యాఖ్యానం మా అమ్మది. ఐదుగురు భర్తల గురించిన వ్యాఖ్యానం బాయిలో భర్తను పోగొట్టుకున్న ఆ పెద్దావిడది. సాక్ష్యం కాదు, వాక్యం.