ప్రశ్నలు రాసే చోట ప్రజలుండాలి

తూర్పు కనుమల్లో ప్రతిపాదనలో ఉన్న ఒక పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు పర్యావరణ ప్రభావ అంచనా నివేదికకు వెలువడిన తెలుగు సారాంశం ఈ వారం శీర్షికకు ప్రేరణ. విద్యుత్తు మిగిలిన వేళ కింది జలాశయం నుంచి నీటిని పైకి తోడి, గిరాకీ పెరిగిన వేళ అదే నీటిని టర్బైన్ల మీదుగా కిందికి వదిలే జలవిద్యుత్ కేంద్రాన్ని పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు అంటారు. గాలి నాణ్యత కొలతలు, వృక్షజాతుల పట్టికలు ఓపికగా పొందుపరచిన ఆ పత్రంలో, వేసవిలో వాగు ఎండిపోయాక దిగువ గూడేల ఆడవాళ్లు ఇసుకలో చెలమలు తీసి నీళ్లు పట్టుకుంటారన్న సంగతికి ఒక్క వాక్యమైనా చోటు దక్కలేదు. కొండను తొలిచే సొరంగాలు, పేలుళ్లు భూగర్భంలోని ఊటల దారిని మార్చగలవు కనుక ఇది ఉపేక్షించదగిన లోపం కాదు.

జలవిద్యుత్ ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి 2006 సెప్టెంబర్ 14 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ప్రకారం లభిస్తుంది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం దానికి ఆధారం. 50 మెగావాట్లు, అంతకు మించిన సామర్థ్యం గల ప్రాజెక్టులను ఆ ప్రకటన కేంద్రం పరిధిలో ఉంచింది. ప్రాజెక్టు ఏ తరగతికి చెందుతుందో తేల్చడం, అధ్యయనం జవాబు చెప్పవలసిన ప్రశ్నలను నిర్ణయించడం, ప్రజల అభిప్రాయం సేకరించడం, నిపుణుల కమిటీ మదింపు చేయడం అనే దశలు అందులో వరుసగా వస్తాయి.

వీటిలో ప్రజాభిప్రాయ సేకరణ మీద ఈ శీర్షికలో వచ్చిన విమర్శలు పాఠకులకు పరిచితమైనవే. కాలుష్య నియంత్రణ మండలి 30 రోజుల ముందు ప్రకటన ఇచ్చి, జిల్లా కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షతన సభ జరిపి వీడియో తీయిస్తుంది. అయితే ఆ సభకు కోరమ్ లేదు, ఓటింగ్ లేదు, వద్దన్నవారి మాటకు ప్రాజెక్టును ఆపే అధికారమూ లేదు. అక్కడ చర్చకు వచ్చే నివేదికను తయారుచేసే సంస్థకు ఫీజు చెల్లించేది ప్రాజెక్టు కట్టబోయే కంపెనీయే. ఇన్ని లోపాలు చూసినవారికి ఆ సభ వట్టి తంతుగా తోచడం సహజం.

పోలవరం చరిత్రను దగ్గరగా పరిశీలిస్తే ఆ అభిప్రాయం నిలబడదు. 960 మెగావాట్ల విద్యుత్కేంద్రంతో కూడిన ఈ బహుళార్థసాధక ప్రాజెక్టు కోసం 2005 అక్టోబర్ 10న అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. పదిహేను రోజులకే, అక్టోబర్ 25న, పర్యావరణ అనుమతి వచ్చేసింది. ఎగువన ఒడిశా, ఛత్తీస్‌గఢ్ గ్రామాల్లో మాత్రం సభలు పెట్టలేదు. అక్కడ ముంపు రాకుండా శబరి, సీలేరు నదుల వెంట కరకట్టలు కడతామన్నది అందుకు చూపిన సమర్థన. కరకట్ట కిందికి ఎవరి పొలం పోతుందో, నది నిండుగా ఉన్నప్పుడు కట్ట వెనుక చేరే వాగుల నీరు ఎవరి ఇళ్లలోకి వస్తుందో చెప్పగలిగినవాళ్లు ఆ గ్రామాల్లోనే ఉన్నారు. కట్ట కట్టాక ఊరు మునగదన్న లెక్క వాళ్లను చర్చ వెలుపలే నిలబెట్టింది. ముంపు గ్రామాల్లో ప్రజల మాట వినలేదన్న కారణంతో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ 2007 డిసెంబర్ 19న ఆ అనుమతిని రద్దు చేసింది. ఆ ఉత్తర్వును హైకోర్టు నిలిపివేయడంతో పనులు సాగిన మాట నిజమే. 2011 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన పనుల నిలుపుదల ఆదేశం సైతం అమలుకు నోచుకోలేదు. అయినప్పటికీ, జరగని సభ ఒకటి, అప్పటికే ఇచ్చిన అనుమతిని రద్దు చేయించగలిగినప్పుడు, ఆ సభను తంతు అనడం దానికి చట్టంలో ఉన్న బరువును తక్కువగా అంచనా వేయడమే అవుతుంది.

పోలవరంలో అసలు పొరపాటు సభకు ముందే, ప్రభావిత ప్రాంతం ఎక్కడిదాకా అన్న గీత గీసినప్పుడే జరిగిపోయింది. ఆనాడు అమల్లో ఉన్న 1994 నాటి ప్రకటనలో అధ్యయన ప్రశ్నలను నిర్ణయించే ప్రత్యేక దశ లేదు. 2006 నాటి ప్రకటన ఆ దశను ప్రవేశపెట్టింది గాని, అందులో స్థానికులకు చోటు కల్పించలేదు. ప్రధానంగా కంపెనీ సమర్పించిన దరఖాస్తు, ప్రాథమిక సాధ్యత నివేదిక ఆధారంగా ప్రశ్నలు ఖరారవుతాయి. 60 రోజుల్లో కమిటీ ఏమీ తేల్చకపోతే దరఖాస్తుదారు సూచించిన ప్రశ్నలనే తుది ప్రశ్నలుగా భావించాలని కూడా 2006 నాటి మూలపాఠం చెప్పింది. పరీక్ష రాసేవారి చేతికే ప్రశ్నపత్రం ఇచ్చిన ఏర్పాటు ఇది. ముసాయిదా నివేదిక తయారయ్యాక జరిగే సభలో ఎవరైనా చెలమల మాట ఎత్తితే, అది నివేదిక చివర కంపెనీ జవాబుతో కలిసి ఒక వరుసగా చేరుతుంది తప్ప, ఆ ఊటలను వేసవి పొడుగునా కొలిచే అధ్యయనంగా మారే అవకాశం దాదాపు ఉండదు.

కనుక ప్రజాభిప్రాయ సేకరణను వట్టి లాంఛనంగా తీసిపారేయడం కంటే దాన్ని రెండుసార్లు జరపాలని కోరడం న్యాయం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రాజెక్టులకు భూమి సేకరించే ముందు గ్రామసభను గాని తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలని 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం ఇప్పటికే చెబుతున్నందున, ఈ కోరికకు చట్టంలో పునాది లేకపోలేదు. అధ్యయన ప్రశ్నలు ఖరారయ్యే ముందు ఎగువ, దిగువ గ్రామాల్లో గ్రామసభలు జరిపి, వాటి తీర్మానాలను ఆ ప్రశ్నలకు తప్పనిసరిగా జతచేయాలి. వాటిలో దేనికి జవాబు లేకపోయినా ముసాయిదా నివేదికను అసంపూర్ణంగా పరిగణించి తిప్పి పంపాలి.