అమ్మాల్సిన బొమ్మ, ఉంచుకోవాల్సిన బొమ్మ

"ఇంత బాగా వేస్తారు కదా, అమ్మకానికి పెట్టొచ్చుగా?" అని అడిగితే బొమ్మలు వేసేవాళ్లలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: "ఇంకా ఆ స్థాయికి రాలేదండీ." ఆ స్థాయి ఎప్పుడొస్తుందో, వచ్చిందని ఎవరు చెప్పాలో మాత్రం ఎవరికీ తెలియదు. బొమ్మలు మడతలు పడి ట్రంకు పెట్టెలో ఉండిపోతాయి. కలంకారీ నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో మంచి చెయ్యి ఉన్నవాళ్లే ఎక్కువగా ఇక్కడ ఆగిపోతుంటారు. అది చూసి నాకు బాధేస్తుంది. అందుకే ఈ వారం ఈ విషయం రాస్తున్నాను.

శ్రీకాళహస్తి కలంకారీలో అనుమానం పుట్టడానికి పనిలోనే కారణం ఉంది. గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి, పిండి ఆరబెడతాం. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకకుండా గీసిన చోటే నిలుస్తుంది. చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గుర్తులు పెట్టుకుని, దానిమీద వెదురు కలంతో నల్లగీత గీస్తాం. తుప్పు పట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో రోజుల తరబడి పులియబెడితే వచ్చే నలుపు అది. కలం నుంచి దిగేటప్పుడు పలచగానే ఉంటుంది, గుడ్డలోని కరక్కాయ వగరు తగిలాక చిక్కబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పూసేది పటిక నీళ్లు. వాటికి చెప్పుకోదగ్గ రంగే ఉండదు. గుడ్డను పారే నీళ్లలో జాడించి, ఎర్రరంగునిచ్చే వేర్లూ చెక్కలూ వేసి ఉడికించినప్పుడే పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. పసుపు, నీలం ఆ తర్వాతి మాట.

అంటే సగం పని దాకా మనం వేసింది మనకే సరిగ్గా కనిపించదు. సరిగ్గా ఆ దశలోనే "ఇది పాడైపోయింది" అన్న మాట లోపలి నుంచి వస్తుంది. ఆ మాట నమ్మొద్దు. ఉడకని గుడ్డమీద తీర్పు చెల్లదు. పని పూర్తయ్యాక కూడా వెంటనే తేల్చకండి. అలసిన కంటికి తప్పులు తప్ప ఇంకేం కనిపించవు. మడిచి కొన్ని వారాలు పక్కన పెట్టి, తర్వాత గోడకు కట్టి, గది అవతలి నుంచి చూడండి.

ఈ అనుమానం కొత్తవాళ్లకే వస్తుందనుకోకండి. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే నీటికలువల చిత్రాలు వేసి, 1908లో ప్రదర్శనకు ముందు వాటిలో కనీసం 15 చిత్రాలను తనే నాశనం చేశాడు. అప్పటికే ఆయన ప్రపంచానికి తెలిసిన పెద్ద పేరు. ప్రదర్శన మరుసటి ఏడాదికి వాయిదా పడింది. 1909లో ప్యారిస్‌లో అదే వరుసలోని 48 చిత్రాలు గోడకెక్కాయి, జనం మెచ్చుకున్నారు. అనుభవం పెరిగితే అనుమానం దానంతటదే పోతుందని ఎదురుచూడటం వృథా. అది ఉండగానే పని చేయాలి, అది ఉండగానే అమ్మాలి.

అనుమానానికి విరుగుడుగా నాకు తెలిసింది గుడ్డను ప్రశ్నలడగటం. "నేను కళాకారిణినేనా?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. "ఈ నల్లగీత ఎక్కడైనా పాకిందా?" అన్నదానికి ఉంది. పటిక గీత దాటి, ఎరుపు పక్కకు చిమ్మిందా? తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటుతోందా? అంచు నాలుగు మూలల్లో సరిగ్గా కలిసిందా? రాముడి కథ వేసి ఉంటే, ఆ కథ తెలిసినవాళ్లు ఏ గడిలో ఏం జరుగుతోందో ఎవరూ చెప్పకుండానే పోల్చుకోగలరా? కళ్లు ఎవరివైపు చూడాలో వాళ్లవైపే చూస్తున్నాయా?

వీటికి సరైన జవాబు వస్తే ఆ బొమ్మ అమ్మకానికి సిద్ధం. మీకు నచ్చిందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. మీకు అంతంత మాత్రంగా అనిపించిన చిన్న నెమలి ఇంకొకరికి కావాల్సిన బొమ్మ కావచ్చు. దాన్ని ఎంచుకునే హక్కు కొనేవారిది. ఒక ఆకు పక్క ఆకుకంటే కాస్త పెద్దగా ఉండటం లోపం కాదు, చేతిపని అంటేనే అది. రంగు నిలవకపోవడం మాత్రం లోపమే. అలాంటిది చవగ్గా కూడా అమ్మొద్దు. రసాయన రంగు వాడి ఉంటే కొనేవారికి ముందే చెప్పండి.

అన్నీ అమ్మేయక్కర్లేదు కూడా. మీ గీత కొత్త దారి పట్టిన మొదటి బొమ్మను ఉంచుకోండి. తర్వాతి పనికి అదే నమూనా. నేర్చుకునేవాళ్లకు చూపించడానికి, ఎక్కడ రంగు చెదిరిందో తెలిసేలా ఒకటి రెండు చెడిన గుడ్డలనూ ఉంచుకోండి. మిగతావి బయటికి పంపండి.

ధర దగ్గరే అనుమానం అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. "నాదేముందిలే" అని కూలి కూడా గిట్టని ధర చెబితే, పక్క వీధిలో ఈ పనిమీదే ఇల్లు నడుపుకునే మనిషి ధర కూడా పడిపోతుంది. గుడ్డ, రంగులు, కట్టెలు, ఉతుకు, మీరు కూర్చున్న రోజులు అన్నీ రాసుకుని కూలి కట్టండి. అది మొహమాటపడాల్సిన లెక్క కాదు.

గుడి తెరలు వేయించేవాళ్లు తగ్గి ఈ విద్య అడుగంటుతున్న కాలంలో, 1950లలో చేతివృత్తుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకోవడంతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడింది. నేర్పడంతో పాటు కొనేవాళ్లూ దొరికారు కాబట్టే విద్య బతికింది. కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చేనాటికి ఊళ్లో ఎన్నో ఇళ్లకు ఇదే జీవనాధారమైంది. బొమ్మలు పెట్టెల్లోనే ఉండిపోయి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

మీరు వేసేది కలంకారీ కానివ్వండి, నీటిరంగులు కానివ్వండి, ఈ ఆదివారం పెట్టె తెరవండి. ప్రశ్నలకు నిలబడిన మూడు బొమ్మలు తీసి, వెనక తేదీ, పేరు, ధర రాసి, నలుగురూ చూసే చోట పెట్టండి. మంచి పనికి తగిన ధర అడగటం గర్వం కాదు, పనికి మీరిచ్చే మర్యాద.