పదిహేను దాకా చేత్తో వేయండి

లెక్కల పుస్తకంలో సిద్ధాంతం ఎదురైతే రుజువు చదివే ముందు కాగితం తీసుకోవడం నాకు అలవాటు. సిద్ధాంతం వర్గాల మొత్తాల గురించైతే, ఒకటి నుంచి వరసగా సంఖ్యలు వేసి, ఏది ఎన్ని వర్గాల మొత్తమో పక్కనే రాసుకుంటాను. 5 అంటే 4+1. 6 అంటే 4+1+1. 7 దగ్గర మూడు వర్గాలు చాలవు, నాలుగు కావాలి. 15, 23, 28 దగ్గర మళ్లీ అదే పేచీ. నాలుగు వర్గాలిస్తే మాత్రం ఏ సంఖ్యా మొండికేయదు. 1770లో లగ్రాంజ్ రుజువు చేసింది ఇదే.

నాలుగు వర్గాలను ఊరికే కలపకుండా, ఒక్కోదాన్ని ఒక్కో సంఖ్యతో హెచ్చవేసి కలిపితే? ఏ గుణకాలతో అన్ని సంఖ్యలూ వస్తాయి? 1917లో రామానుజన్ 55 కూర్పుల జాబితా ఇచ్చారు. అందులో 1, 2, 5, 5 గుణకాలది ఒకటి. అది 14 దాకా అన్నీ ఇస్తుంది, 15 దగ్గర చేతులెత్తేస్తుంది.

వేసి చూడండి. 15 లోపల రెండు అయిదుల వాటా 0, 5, 10, 15లలో ఒకటి కావాలి. 15 కావాలంటే రెండు వర్గాలు కలిసి 3 అవ్వాలి, అవి అవ్వవు. ఇక మిగిలేది 15, 10 లేదా 5. దాన్ని ఒక వర్గమూ, మరో వర్గానికి రెట్టింపూ కలిపి తేవాలి. ఆ రెట్టింపు 0, 2, 8లలో ఒకటి. 15లోంచి తీసేస్తే 15, 13, 7. 10లోంచి 10, 8, 2. 5లోంచి 5, 3. ఒక్కటీ వర్గం కాదు.

ఈ పొరపాటును తరవాత డిక్సన్ ఎత్తిచూపాడు. జాబితాలో 54 నిలిచాయి. పలక మీద అంత లెక్క చేసిన రామానుజన్‌కే ఒక చిన్న సంఖ్య తప్పించుకుపోయింది.

కథ అక్కడితో అయిపోలేదు. ఇలాంటి కూర్పు ఏదైనా సరే, 15 దాకా అన్నీ ఇస్తే ఆపైన కూడా అన్నీ ఇస్తుందని 1993లో కాన్వే, ఆయన శిష్యులు తేల్చారు. మంజుల్ భార్గవ దానికి తేలికైన రుజువు ఇచ్చారు. నిజానికి 1, 2, 3, 5, 6, 7, 10, 14, 15 చూస్తే చాలు. అనంతమైన సంఖ్యల సంగతి తొమ్మిదింటి మీద తేలిపోతుంది! అందుకే చిన్న సంఖ్యలు వేసి చూడటాన్ని నేను పిల్లల పనిగా తీసిపారెయ్యను.

రామానుజన్ 1, 2, 5, 5లో చివరి 5 తీసి 6 పెడితే 15 వస్తుంది. ఎలాగో ఫోను ముట్టకుండా మీరే తేల్చండి.