ప్యాచ్ కింద సంతకాలు

స్థలం కొనబోతే మన ఇళ్లలో పెద్దవాళ్లు మొదట అడిగేది లింకు డాక్యుమెంట్లు. ఇప్పుడు అమ్ముతున్నాయనకి ఎవరు అమ్మారు, వాళ్లకి అంతకుముందు ఎవరి నుంచి వచ్చింది? నడుమ ఒక్క కాగితం లేకపోయినా బేరం అక్కడే ఆగుతుంది. లినక్స్ కెర్నెల్‌లోకి వచ్చిన ఏ మార్పునైనా తెరిచి అడుగుకి వెళ్లి చూడండి, ఇలాంటి గొలుసే ఉంటుంది. 'సైన్డ్-ఆఫ్-బై' అని ఉండి, పక్కన పేరు, మెయిల్ చిరునామా. మొదటి వరుస కోడ్ రాసినవాళ్లది. దాని కింద, ఆ విభాగాన్ని చూసుకునే మెయింటెయినర్‌ది. నడుమ ఇంకెవరి చేతికైనా వెళ్లి వస్తే వాళ్లదీ. పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే ఆ మార్పు ఏ దారిన లోపలికి వచ్చిందో తెలిసిపోతుంది.

ఈ ఆచారం వెనక ఒక కోర్టు గొడవ ఉంది. తమ యూనిక్స్ సొత్తును లినక్స్‌లోకి చేరవేశారంటూ 2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ ఐబీఎం మీద దావా వేసింది. పదేళ్లు పైబడిన కోడ్‌లో ఏ లైను ఎవరిదో చూపించాలంటే పాత మెయిళ్లు తవ్వుకోవాల్సిన పరిస్థితి. మరుసటి ఏడు లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ సంతకం పద్ధతి పెట్టారు. సంతకం చేశామంటే, ఇది నేను రాసిందే, లేదా ఇచ్చే హక్కున్న చోటి నుంచి తెచ్చిందే అని ఒప్పుకున్నట్టు. స్టాంపు పేపరు లేదు, నోటరీ లేదు.

గమనించారో లేదో, ఇది జరిగింది 2004లో. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అప్పటికి ఇంకా పుట్టనే లేదు. లినక్స్ మొదటి పదేళ్లూ ప్యాచ్‌లు, అంటే మార్పుల తునకలు, మెయిల్‌లో వచ్చేవి, టోర్వాల్డ్స్ వాటిని ఒక్కొక్కటిగా కలుపుకునేవారు. 2002లో బిట్‌కీపర్ అనే ప్రైవేటు సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకోవడం మొదలుపెట్టారు. అందరికీ తెరిచిన ప్రాజెక్టుకి తాళం వేసిన పనిముట్టేమిటని కొందరు అప్పుడే గొణిగారు. 2005లో ఆ ఉచిత వాడకం కాస్తా ఆగిపోయింది. ఏప్రిల్‌లో టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెడితే, వారం తిరక్కుండానే అది తన కోడ్‌ను తానే దాచుకోగలిగింది. జూన్‌లో 2.6.12 కెర్నెల్ దాని మీదే విడుదలైంది. జూలైలో ఆయన గిట్ పగ్గాలు జునియో హమానోకి ఇచ్చేసి తన పనిలో పడ్డారు.

పనిముట్టు మారినా నడక మాత్రం మెయిల్ రోజులదే. ఎందుకంటే గిట్‌కి పెత్తనం తెలీదు. ఎవరి దగ్గరున్న కాపీ వాళ్లకి పూర్తి చరిత్రతో ఉంటుంది. ఏది అసలు, ఏది నకలు అంటే అది చెప్పలేదు. టోర్వాల్డ్స్ దగ్గరున్నదే అసలని నలుగురూ ఒప్పుకున్నారు గనక అది అసలైంది. ఏ మార్పు ఎప్పుడు కలపాలి, ఏ బ్రాంచ్ జోలికి పోకూడదు అన్నవి కూడా అలాగే నోటిమాటగా మొదలై, తర్వాత కాగితమెక్కిన సంగతులు.

కెర్నెల్ వాళ్లకో పంచాంగం ఉంది. ఒక విడుదల అవగానే రెండు వారాలు మెర్జ్ విండో. కొత్త పనంతా అప్పుడే లోపలికి రావాలి. తర్వాత తలుపు మూసేస్తారు. ఇక వచ్చేవి మరమ్మతులే. వారానికొక ఆర్‌సీ (విడుదలకి ముందటి పరీక్ష కూర్పు) చొప్పున ఏడో ఎనిమిదో వచ్చాక అసలు విడుదల. మొత్తం తొమ్మిది పది వారాల పని. ఇందులో మంచేమిటంటే, సగం ఉడికిన కోడ్‌ను ఎలాగోలా తోసేయాలన్న ఆత్రం ఎవరికీ ఉండదు. సార్వాకి అందకపోతే దాళ్వా ఉందిగా.

అన్నిటికంటే కష్టమైన నియమం చూడటానికి చాలా చిన్నది: ఒక ప్యాచ్‌లో ఒకే సమస్య. పైన, ఎందుకు మార్చామో రాయాలి. ఏం మారిందో కోడే చూపిస్తుంది, ఎందుకన్నది రాసినవాడు చెబితే తప్ప తెలీదు. కొత్తవాళ్లకి ఇది చాదస్తంలా తోస్తుంది, నాకూ తోచింది. దాని విలువ బైసెక్ట్ చేసిన రోజున తెలుస్తుంది.

ల్యాప్‌టాప్ మూత తెరిస్తే స్క్రీన్ వెలగడం లేదనుకోండి. కిందటి విడుదలలో వెలిగేది. రెండిటి నడుమా 16,000 కమిట్లు, అంటే గిట్‌లో నమోదైన మార్పులు. ఒక్కొక్కటీ పరీక్షిస్తూ కూర్చుంటే ఏళ్లు పడుతుంది. గిట్ బైసెక్ట్ సరిగ్గా నడిమి కమిట్‌ను తీసి చేతిలో పెడుతుంది. కంపైల్ చేసి, మూత వేసి, తెరిచి చూడాలి. వెలిగిందా, తప్పు ఆ తర్వాతి సగంలో ఉంది. మళ్లీ దాని నడుమ. ఇలా 14 సార్లు మూత వేసి తెరిస్తే దోషి దొరికిపోతుంది. అయితే దారిలో తగిలిన ప్రతి కమిట్టూ కంపైల్ కావాలి. దొరికింది ముప్పై లైన్లదైతే టీ చల్లారేలోగా కారణం తేలుతుంది. 'చిన్న చిన్న మార్పులు' అని పేరు పెట్టిన నాలుగు వేల లైన్ల ముద్దయితే మళ్లీ మొదటికొచ్చినట్టే.

చరిత్రను తిరగరాయడం ఇంకో తగువు. ఒకసారి ఓ చిన్న ప్రాజెక్టులో, శుక్రవారం రాత్రి, నలుగురం వాడుకునే బ్రాంచ్‌ను నేను నీటుగా రీబేస్ చేసి, అంటే దాని కమిట్లను కొత్తగా తిరగరాసి, పాతదాని మీద ఫోర్స్ పుష్ కొట్టి నిద్రపోయాను. పొద్దున లేచేసరికి ఎవరో తమ దగ్గరున్న పాతదాన్ని మళ్లీ కలిపేశారు. ప్రతి కమిట్టూ రెండేసి సార్లు! శనివారమంతా విడదీయడానికే సరిపోయింది. నన్ను తిట్టడానికి కూడా ఎవరి దగ్గరా ఆధారం లేదు, అలా చేయకూడదని మేమెక్కడా అనుకోలేదు మరి.

దీన్ని గిట్ ప్రాజెక్టే తన ఇంట్లో ఎంత తేలిగ్గా తేల్చుకుందో చూడండి. అక్కడ 'సీన్' అనే బ్రాంచ్ పలక లాంటిది. దాన్ని ఎప్పటికప్పుడు చెరిపి మళ్లీ రాస్తుంటారు, దాని మీద ఆధారపడి పని చేసుకుంటే మన ఖర్మ. 'నెక్స్ట్' ను విడుదల అయ్యాకే సర్దుతారు. 'మాస్టర్' శాసనం, ముందుకే తప్ప వెనక్కి పోదు. ఏది పలకో ఏది శాసనమో ముందే చెప్పేశారు కాబట్టి ఎవరికీ శనివారాలు పోవు.

అందరూ ఇలాగే చేయాలనేం లేదు. కంపైలర్ ప్రాజెక్టు ఎల్‌ఎల్‌వీఎం 2019లో సబ్‌వర్షన్ వదిలి గిట్‌కి వచ్చినా, ప్రధాన బ్రాంచ్‌లో మెర్జ్ కమిట్లు వద్దంది. వాళ్ల చరిత్ర తాడులా ఒకే వరుస. కెర్నెల్‌ది జడ, పాయలు పాయలుగా వచ్చి కలుస్తుంది. బ్రాంచ్‌లు ఎలా నడపాలో చూపిస్తూ విన్సెంట్ డ్రీసెన్ 2010లో గీసిన గిట్ ఫ్లో బొమ్మను లెక్కలేనన్ని ఆఫీసులు గోడకి అంటించుకున్నాయి. రోజూ విడుదల చేసే వెబ్ అప్లికేషన్లకి ఇంత తతంగం వద్దని పదేళ్ల తర్వాత ఆయనే దానికి ఒక మాట చేర్చారు. బొమ్మ తప్పు కాదు. ఒకరి కొలతలకి కుట్టిన చొక్కా అందరూ తొడుక్కున్నారంతే.

మెయిల్ పద్ధతి కొత్తవాళ్లని బెదరగొడుతుంది, అది నిజం. మెయిల్ ప్రోగ్రాం ఒక్క ట్యాబ్‌ను స్పేసులుగా మార్చినా ప్యాచ్ అతకదు. పైథాన్ వాళ్లు 2017లో గిట్‌హబ్‌కి మారి తమ గుమ్మం ఎత్తు తగ్గించారు. కెర్నెల్ వాళ్లు మాత్రం కదల్లేదు.

ఇందాకటి ల్యాప్‌టాప్ మనిషి మెయిల్ పంపాడనుకోండి. మరమ్మతు కమిట్‌లో, సంతకాల దగ్గరే, 'రిపోర్టెడ్-బై' అని ఆయన పేరెక్కుతుంది. సరిచేశాక మళ్లీ మూత తెరిచి చూశాడు కనుక 'టెస్టెడ్-బై' అని ఇంకోసారి. ఆయన ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు. ఆ పక్కనే 'ఫిక్సెస్' అని ఇంకో వరుస ఉంటుంది, చెడగొట్టిన కమిట్‌ను చూపడానికి. అందులో ఉండేది దాని గుర్తులో మొదటి 12 అక్షరాలు, శీర్షిక. చెడగొట్టినవాళ్ల పేరు ఉండదు.