కాళ్ళాగజ్జా: వైద్యమా, విద్యా?

కాళ్ళాగజ్జా పాట ఉత్త పిల్లల ఆట కాదనీ, పూర్వీకులు పసివాళ్ళ నోట దాచిపెట్టిన వైద్యగ్రంథమనీ చెప్పే వ్యాఖ్యానం ఒకటి ఏటా ఒకసారైనా వాట్సాప్‌లో నాకు చేరుతుంది. కాళ్ళకు గజ్జి పుడితే పాటలో మొదట వచ్చే మూలికను వాడాలి, దానికి లొంగకపోతే తరువాతిది, దానికీ లొంగకపోతే ఆ తరువాతిది అన్నది దాని సారాంశం. పంపేవారిలో ఇంజనీర్లున్నారు, నాతోటి వైద్యులూ ఉన్నారు. పరాయి దేశంలో పెరిగే పిల్లలకు మన పాట మీద గౌరవం కలగాలన్నదే వారి తాపత్రయం. ఆ తాపత్రయం నాకూ ఉంది. కాని ఈ వ్యాఖ్యానం నిలబడదు. పైగా, పాటలో నిజంగా ఉన్న చదువును అది మరుగుపరుస్తున్నది.

ముందు పాటనే సాక్ష్యానికి పిలుద్దాం. ప్రాంతాన్ని బట్టి పాఠాంతరాలున్నా, వెలగ, మోదుగ, నిమ్మ, బచ్చలి, గుమ్మడి వంటి పేర్లు అందులో వస్తాయన్నది నిజమే. అయితే వాటి పక్కనే నీడ ఉంది, బావి ఉంది, మీసం కూడా ఉంది. మోదుగను మందుగా తీసుకున్నవారు మీసాన్ని ఏ అనుపానంతో పుచ్చుకోవాలో చెప్పరు. ఏ మొక్కలో ఏ భాగం వాడాలి, నూరాలా కాచాలా, ఎన్నాళ్ళు పూయాలి అన్న ఊసే పాటలో లేదు. మనవారు శాస్త్రాన్ని పద్యంలో చెప్పదలచుకున్నప్పుడు దాచిపెట్టి చెప్పలేదు. మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన లెక్కను లెక్కగానే పద్యంలో పెట్టాడు. ఇక ‘గజ్జ’ను ‘గజ్జి’గా మార్చుకుంటే తప్ప ఈ వైద్యం మొదలే కాదు. పిల్లల కాళ్ళను తాకుతూ పాడే పాటలో కాలి గజ్జె స్ఫురించడం సహజమా, చర్మవ్యాధి స్ఫురించడం సహజమా?

వైద్యుడిగా ఒక మాట చెప్పక తప్పదు. గజ్జి కంటికి ఆనని ఒక పురుగు చర్మంలో తొలుచుకుని గుడ్లు పెట్టడం వల్ల వచ్చే జబ్బు. వేళ్ళ సందులూ మణికట్లూ నడుమూ దానికి ఇష్టమైన చోట్లు. పెర్మెత్రిన్ పూతతో నయమవుతుంది. ఇంట్లో అందరూ ఒకేసారి వాడాలి, బట్టలూ దుప్పట్లూ వేడినీళ్ళలో ఉతకాలి. ఒక ఆకు తరువాత మరొక ఆకు ప్రయత్నిస్తూ కూర్చుంటే, ఈలోగా అది ఇంటిల్లిపాదికీ పాకుతుంది.

మరి పాటలో ఉన్నదేమిటి? చివర వచ్చిన మాటను అందుకుని, దాన్ని కాదని, మరో మాటను తెచ్చే గొలుసుకట్టు. విడిచిన పదాన్నే మళ్ళీ పట్టుకునే ఈ పద్ధతిని ఆలంకారికులు ముక్తపదగ్రస్తం అన్నారు. కాదన్న మాటకూ కొత్తగా వచ్చే మాటకూ మధ్య ఉన్న బంధుత్వం ఇంకా విలువైనది. మొగ్గకు మోదుగ, నీడకు నిమ్మ, కూరకు గుమ్మడి. మొదటి జంటలో మొ-మో, రెండవదానిలో నీ-ని. మూడవదానిలో హల్లు మారింది, కాని క-గ లు ఒకే వర్గానివి, కూ-గు లలో అచ్చులకూ మైత్రి ఉంది. ఛందస్సు చదివినవారికి ఇది యతిమైత్రి అని వెంటనే తెలుస్తుంది. అంటే బచ్చలి పాటలోకి వచ్చింది మందుగా కాదు, బావికి జోడుగా. పండితుడు సూత్రాలు వల్లించి నేర్చుకునే మైత్రిని నాలుగేళ్ళ పిల్ల చెవితో పట్టేస్తుంది. ఒకే హల్లు హ్రస్వంలోనూ దీర్ఘంలోనూ వినబడే ఈ జంటలు, అక్షరాలు రాకముందే చెవికి అందే గుణింతం.

ఇంగ్లీషు పిల్లల మీద బ్రాడ్లీ, బ్రయంట్ చేసిన పరిశోధన 1983లో నేచర్ పత్రికలో వచ్చింది. బడికి రాకముందు పదాల్లోని ధ్వనిసామ్యాన్ని గుర్తించగలిగిన పిల్లలు తరువాత చదవడంలో ముందుంటారని అది చూపింది. మన లిపి వేరు కనుక ఆ ఫలితాన్ని యథాతథంగా తెలుగుకు అన్వయించలేము. కాని చెవి చదువు కంటి చదువుకు దారి వేస్తుందన్న మూలసూత్రం ఇక్కడ పనికివస్తుంది.

ఇది పాటలో సగమే. మిగతా సగం కాళ్ళలో ఉంది. పిల్లలు కాళ్ళు చాచి వరుసగా కూర్చుంటారు. ఒకరు పాడుతూ, ఒక్కో దెబ్బకు ఒక్కో కాలు తాకుతూ పోతారు. చివరి మాట పడిన కాలు ముడుచుకుంటుంది. ఒక వస్తువుకు ఒకే అంకె అన్నది లెక్కింపుకు మొదటి సూత్రమని గెల్మన్, గాలిస్టెల్ 1978లో తమ పుస్తకంలో వివరించారు. ఆ సూత్రాన్ని ఈ ఆట వేలి కొసన నేర్పుతుంది. తాకకుండా ఒక కాలు దాటితే పక్కవాడు ఊరుకోడు.

కొంచెం పెద్దపిల్లలకు ఇందులోనే భాగహారం ఉంది. నలుగురు పిల్లలు, ఎనిమిది కాళ్ళు, పాటకు ఇరవై దెబ్బలు అనుకుందాం. ఇరవైని ఎనిమిదితో భాగిస్తే శేషం నాలుగు. నాలుగో కాలు ముడుచుకుంటుంది. తరువాత ఐదో కాలి నుంచి మొదలుపెడితే ఉన్నవి ఏడు, శేషం ఆరు. ఈసారి రెండో కాలి వంతు. తన కాలు చివరిదాకా మిగలాలంటే ఎక్కడ కూర్చోవాలని పిల్ల అడిగిన రోజున, శేషం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. నేను తెలుగు బడిలో ఎక్కాలు రాగం తీసి వల్లించినవాణ్ణే. ఆ రాగం నాకు జవాబులిచ్చింది గాని ఇటువంటి ప్రశ్న ఎన్నడూ ఇవ్వలేదు. పాటకు చేతిపని తోడైతే వచ్చే తేడా అది.

అందుకే, ఈ పాటను రంగురంగుల బొమ్మలతో తెరమీద చూపించి ఊరుకోవడం నాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది. రాగం మిగులుతుంది, కాళ్ళు పోతాయి. వైద్యరహస్యమంటూ గొప్ప చెప్పడమూ అటువంటిదే. అక్కడ ఆట పోయి నమ్మకం మిగులుతుంది. పైగా ఆ నమ్మకం పిల్ల పెద్దదై జీవశాస్త్రం చదివిన నాడు చెదిరిపోతుంది, దానితోపాటు పాట మీద గౌరవమూ పోవచ్చు.

ఆదివారం మధ్యాహ్నం తివాచీ మీద అమ్మమ్మ నుంచి మనవరాలిదాకా అందరూ కాళ్ళు చాచి కూర్చుంటే చాలు. అమ్మమ్మ ఊరి పాఠానికీ నాన్న ఊరి పాఠానికీ తేడా వస్తే ఇంకా మంచిది. ఏ మాటకు ఏ జోడు కుదిరిందో వెదకమనండి. జోడు కుదిరేలా ఒక కొత్త మాట కట్టమని పిల్లల్నే అడగండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు కుర్చీలో కూర్చున్నా ఆట చెడదు.