రాట్నపు చప్పుడు

పిల్లలను కథతో భయపెట్టుట ఒక విద్య యని, అందులో నాకు కొంత ప్రవేశము కలదని మా యింటిలో వాడుక. ఆ విద్యకు నా మొదటి గురువు, వరంగల్లు కొత్తవాడలో మా గూటిలో నుండిన పదునాలుగంగుళాల నలుపు తెలుపు టీవీ.

తొంబదుల నడుమ ఒక వేసవి రాత్రి, పదిగంటలు దాటిన పిమ్మట, కేబులువాడు క్యాసెట్టు పెట్టి 'కాష్మోరా' వేసెను. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' నవలకు కొనసాగింపుగా వ్రాసిన 'తులసి' ఆధారముగా 1986లో వచ్చిన చిత్రమది. అరిగిన క్యాసెట్టు గనుక బొమ్మ గీతలు గీతలై వణకుచు, భూతమేదో గోడ నీడయేదో తెలియకుండెను. స్పష్టముగా కనబడి యుండినచో బహుశః నవ్వి పడుకొని యుందును. సరిగా మంత్రగాడు నోరు తెరచునప్పటికి కరెంటు పోయినది. ఆ చీకటిలో, పక్కింటి నుండి కిర్రు కిర్రుమని రాట్నము చప్పుడు! కందిలి వెలుగున అవ్వ ఎప్పటివలెనే జంపఖానా నేతకు కండెలు చుట్టుకొనుచున్నది. పుట్టినది మొదలు వినుచున్న చప్పుడే. ఆ రాత్రి మాత్రము సినిమా ఆ చప్పుడులోనే సాగినది.

భయమునకు బొమ్మకంటె చెవియు, చెవికంటె గడువును ముఖ్యము. జపానులో సుజుకి కోజి 1991లో వ్రాసిన 'రింగు' నవలలో శపించిన వీడియో టేపు చూచినవానికి ఏడుదినములే ఆయువు. దానిని అక్కడి ఫ్యూజీ టీవీ 1995 ఆగస్టులో టెలివిజన్ చిత్రముగా ప్రసారము చేసినది. మన ఈటీవీ పుట్టినదియు ఆ నెలలోనే. అచ్చటి శాపము చచ్చినదాని పగ. మన బాణామతి యను చేతబడికి మాత్రము బ్రతికియున్న మనిషి కావలెను. సినిమా ముగియగానే "చేసిందెవరు?" అను ప్రశ్న తెర దిగి వాడకట్టులోనికి వచ్చును. ఆ ప్రశ్నకు జవాబుగా ఎవరినో చెట్టుకు గట్టి, పళ్లూడబెరికిన వార్తలు మన తెలంగాణ పత్రికలలో ఎన్ని చదువలేదు! 'తులసిదళం'పై రంగనాయకమ్మగారు గంజాయి దమ్మని మండిపడి పుస్తకమే వ్రాసిరని తెలిసి, కథపై ఇంత కోపమేల యని యౌవనమున విసుగుకొన్నవాడను. యండమూరి నేర్పుపై నాకు నేటికిని మోజు తగ్గలేదు; ఆ విసుగు మాత్రము నిలువలేదు.

ఏలయన, ఆ సినిమా రాత్రి మరునాటి ఉదయము నాకు మరపునకు రాదు. నేను బడికి పోవుచుండగా అవ్వ అరుగుమీదినుండి యెప్పటివలెనే పిలిచినది. "ఇగో బిడ్డా, పుట్నాలు." ముడుతల అరచేత పిడికెడు పుట్నాలు, వ్రేళ్లకు ఎర్రరంగు నూలుపోగులు అంటుకొని యున్నవి. ఎన్నడును లేనిది నా చేతులు రెండును వీపు వెనుకకు పోయినవి. నాయనమ్మ లోపలినుండి చూచుచు నన్ను మందలింపనైనను లేదు.

అవ్వ నా మొగము వంక కొంతసేపు చూచి, పుట్నాలను మరల కొంగున పోసికొని, ముడి వేసి, రాట్నము త్రిప్పసాగెను.